డ్రైవర్ పక్క సీటు

నా భార్య కారు నడపడం మొదలుపెట్టి ఆరేళ్లవుతున్నా మా మామయ్య ఒక్కసారి కూడా ఆ కారెక్కలేదు. దీని మీద మా ఇంట్లో గొడవేమీ జరగలేదు. గొడవ జరగాలంటే ఎవరో ఒకరు ఆ మాట ఎత్తాలి కదా, ఎవరూ ఎత్తలేదు.

మామయ్యది వరంగల్ మిర్చి యార్డులో అడ్తి దుకాణం. రైతు తెచ్చిన బస్తాలు కొనేవాళ్లకు చూపించి అమ్మిపెట్టడం ఆయన పని. వాళ్లుండేది వరంగల్‌లో, మేముండేది హనుమకొండలో. వారానికోసారి ఆటోలో వచ్చి మమ్మల్ని చూసి, ఆటోలోనే వెళ్లిపోతారు. గేటు ముందు కారు కడిగి సిద్ధంగా ఉంటుంది. "బాపూ, నేను దింపొస్త" అని ఆమె తాళాలు తీస్తే, "ఎందుకు బిడ్డా, ఆటోల గాలి మంచిగాడతది" అంటారు. డిసెంబరు చలిలో కూడా ఆయనకు గాలి ఆడాలి. ఒకసారి కళ్లద్దాలు మా టీవీ మీద మరిచిపోయి వెళ్లారు. ఆమె కారు తీసి ఆటో వెనకాలే వరంగల్ దాకా వెళ్లింది. ముందు ఆటోలో తండ్రి, వెనక ఖాళీ కారులో కూతురు. ఇంటి ముందు కళ్లద్దాలు చేతికిస్తే, "జాగ్రత్తగ పో బిడ్డా" అన్నారట. తిరిగొచ్చాక ఆమె కారును చాలాసేపు తుడిచింది. ఆ పొద్దున కూడా తుడిచిన కారే.

నాకూ లైసెన్సు ఉంది. మా గేటు స్తంభానికీ నాకూ ఒకసారి అభిప్రాయభేదం వచ్చింది. అప్పటి నుంచి నేను వెనక సీటులో ప్రశాంతంగా ఉంటున్నాను. కాలేజీలో చరిత్ర చెబుతాను కాబట్టి, వేరేవాళ్లు ప్రయాణాలు చేస్తుంటే చూస్తూ కూర్చోవడం నాకు అలవాటే.

కాకినాడలో మామయ్య చెల్లెలుంది. ఏటా ఆవకాయ రోజులకు ముందు ఆమెకు మిరపకాయలు ఇక్కడి నుంచే వెళ్తాయి. రంగుకు చపాటా, ఘాటుకు తేజ. చపాటా బొద్దుగా, ఎర్రగా ఉండి చూడడానికి బాగుంటుంది. తేజ సన్నగా ఉంటుంది, చూడడంతో ఆగదు. పోయిన మార్చిలో మామయ్య తానే తీసుకెళ్తానన్నారు. మాకు కాలేజీ సెలవులు కలిసొచ్చాయి కాబట్టి మమ్మల్నీ రమ్మన్నారు. మా కారు నడపడానికి యార్డు దగ్గరి డ్రైవర్‌ను ఒకతన్ని మాట్లాడారు. అత్తమ్మ ఘాట్ రోడ్డంటే తల తిరుగుతుందని ఇంట్లోనే ఉండిపోయింది.

బయల్దేరే రోజు తెల్లవారి ఐదింటికి మామయ్య ఆటోలో, బస్తాతో సహా దిగారు. అర బస్తా తేజ, దాని మీద చపాటా. దాన్ని డిక్కీలో పెట్టేసరికి డ్రైవర్ ఫోన్ వచ్చింది. వాళ్ల పిల్లవాడికి జ్వరం, రాత్రి నుంచి దవాఖానలో ఉన్నాడట.

నా భార్య లోపలికి వెళ్లి తాళాలు తెచ్చింది. "బాపూ, నేను తీస్త."

మామయ్య నా వైపు చూశారు. నేను కుండీలోని కలబంద వైపు చూశాను.

"అల్లుడు తియ్యడా?"

"ఆయన తీస్తే ములుగు కూడ చేరం" అంది ఆమె. అన్యాయమైన మాట కాదు.

మామయ్య బస్తాను చూశారు, వీధి చివర చూశారు. అంత పొద్దున ఆటో కూడా లేదు, ఆయనను దింపిన ఆటో ఎప్పుడో వెళ్లిపోయింది. చివరికి, "సరే, భద్రాచలం దాక చూద్దాం" అన్నారు. బస్తాలోంచి పిడికెడు కాయలు తీసి చూసిన తర్వాతే బస్తా మీద మాట ఇచ్చే మనిషి. కూతురి విషయంలోనూ అదే పద్ధతి.

"నేను ముందు కూసుంట" అన్నారు. "డ్రైవర్ పక్కన మాట్లాడేటోడు ఉండాలె."

దీని వెనక ఒక చరిత్ర ఉంది. వయసులో ఉన్నప్పుడు ఆయన మిర్చి లోడు లారీల్లో సరుకుతో పాటు వెళ్లేవారు. ఆ లారీల మీద ఒక కట్టుబాటు ఉండేదట. డ్రైవర్ పక్కన కూర్చున్నవాడు నిద్రపోకూడదు, నోరు మూయకూడదు. పక్కవాడికి కునుకొస్తే డ్రైవర్‌కు అంటుకుంటుంది. అప్పటి నుంచి ఆయన నడిచే ఏ బండిలోనూ కన్ను మూయలేదు. బస్సులో నిద్రపోరు, రైల్లో పై బెర్తు ఎక్కి కూడా రాత్రంతా కింది బెర్తువాళ్లతో మాట్లాడతారు. రైలు డ్రైవర్‌కు వినబడదని నేనొకసారి చెప్పి చూశాను.

ములుగు దగ్గర గట్టమ్మ గుడి ముందు కారు ఆగింది. ఆ దారిన పోయే బండ్లన్నీ అక్కడ ఆగుతాయి. ఎవరైనా ఒక కొబ్బరికాయ కొట్టి పోతారు. మామయ్య రెండు కొట్టారు.

"రెండోదెందుకు బాపూ?"

"ఒకటి బండికి" అన్నారు. ఇంకోటి ఎవరికో చెప్పలేదు, ఆమె అడగలేదు. సీటు బెల్టు మాత్రం కొంచెం గట్టిగా లాగి పెట్టుకుంది.

అక్కడి నుంచి భద్రాచలం దాకా ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. ఏటూరునాగారం అడవిలో ఒకప్పుడు లారీ ముందు ఎలుగుబంటి కూర్చున్న కథ, దాన్ని లేపడానికి డ్రైవర్ పాడిన భజన, మధ్యమధ్యలో "ముంగట బర్రె", "జర మెల్లగ", "ఆ సైకిలాయన ఇటు తిరుగుతడు సూడు". సైకిలాయన తిరగలేదు. నా భార్య వాటన్నిటికీ "ఆఁ బాపూ" అంటూ అరవై మీద నడిపింది. గోదావరి వంతెన మీదికి వచ్చేసరికి ఏమంటారోనని నేను వెనక నుంచి వింటున్నాను. భద్రాచలం వచ్చేసింది, గడువు అయిపోయింది. మామయ్య కాసేపు నీళ్లను చూసి, "చింతూరు దాక చూద్దాం" అన్నారు.

చింతూరులో టీకి ఆగితే, ఘాట్ రోడ్డు వంపులో లారీ అడ్డంగా పడిందని, సాయంత్రం దాకా దారి దొరకదని అక్కడివాళ్లు చెప్పారు. పాత అటవీ రోడ్డు ఒకటుందట. కంకర రోడ్డు. కొండల్లో చుట్టుకుని పైన మళ్లీ ఘాట్ రోడ్డులో కలుస్తుంది. కార్లు మెల్లగా పోతాయి. నా భార్య ఆ మాట శ్రద్ధగా విన్నది. మామయ్య మాత్రం అప్పుడు వేరే పనిలో ఉన్నారు. టీ కొట్టు ఆమె మిర్చి బజ్జీలకు కారం కలుపుతోంది, ఆ కారం పాలిపోయి ఇటుక పొడిలా ఉంది. మిర్చి మనిషికి అది చూస్తూ ఊరుకోవడం చేతకాదు.

"గిదేం కారమమ్మా?" అని డిక్కీ తీయించి, బస్తా మూతికున్న కుట్టు విప్పి, లోపలికి మోచేతి దాకా చెయ్యి పెట్టి రెండు పిడికిళ్ల కాయలు ఆమె చాటలో పోశారు. "ఇది సూడు. ఇది కాయ." ఆమె మొహమాటానికి ఒకటి తుంచి వాసన చూసి తుమ్మింది. ఆ తుమ్ముతో మామయ్యకు తృప్తి కలిగింది. బస్తా మూతిని చేత్తో మెలిపెట్టి సుతిలి తాడు చుట్టారు. కుట్టుకూ చుట్టుకూ ఉన్న తేడా మాకు మరో గంటలో తెలిసింది.

అటవీ రోడ్డు మొదట్లో అడ్డు కర్ర ఉంది. పక్కన గుడిసెలోంచి వచ్చిన కావలి మనిషి నా దగ్గరికొచ్చి, "డ్రైవర్ మీరేనాండీ?" అన్నాడు. నేను వెనక సీటులో ఉన్నాను. అయినా అడిగాడు.

"నేను" అంది నా భార్య.

అతను మామయ్య వైపు చూశాడు. మామయ్య కూతురి వైపు చూశారు. తర్వాత, "పైదాక చూద్దామంటాంది" అన్నారు. కర్ర లేచింది.

ఆ రోడ్డు గురించి చెప్పాలి. నేను ఎక్కువగా మెచ్చుకునేవాణ్ని కాదు, మా విద్యార్థులనడగవచ్చు. కానీ ఆ రోడ్డు బాగుంది. వెడల్పు ఒక లారీకి సరిపోతుంది, రెండో లారీ వస్తే ఇద్దరు డ్రైవర్లూ మంచివాళ్లై ఉండాలి. గులకరాళ్లు చక్రాల కింద నలుగుతూ ఒకే రకమైన చప్పుడు చేస్తున్నాయి. రెండు వైపులా వెదుర్లు వంగి పైన కలుసుకున్న చోట నీడ పచ్చగా పడుతోంది. నీడ దాటగానే ఆకులన్నీ రాల్చేసిన మోదుగ చెట్టు, కొమ్మల నిండా పూలు. ఒక మలుపులో ఇప్పపూలు రోడ్డు మీద పరిచినట్టు రాలి ఉన్నాయి. వాటి మీంచి పోవడానికి నా భార్యకు మనసొప్పక పక్కనుంచి తీసింది. ఎడమ వైపు లోయలో ఎక్కడో వాగు వినబడుతోంది, కనబడదు. కొండ వెనక కొండ, దాని వెనక ఇంకా పల్చటి కొండ. ఈ వరుస అంతా సముద్రం వైపే దిగుతుందని మా స్కూల్లో ఎప్పుడో చెప్పారు. తూర్పు కనుమలు అని రంగు పెన్సిల్‌తో గీసి మార్కులు తెచ్చుకున్నాను. అప్పుడు వాటికి వాసన ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

వాసన కొంచెంసేపట్లో మారింది.

ముందు నేను తుమ్మాను. "జలుబా అల్లుడూ?" అన్నారు మామయ్య. అడవి పూల పుప్పొడి అయ్యుంటుందని నేను కొంత శాస్త్రీయంగా చెప్పాను. తర్వాత ఆమె దగ్గింది. దుమ్ము రాకుండా కిటికీలన్నీ మూసి ఏసీ పెట్టుకున్నాం. తారు రోడ్డు మీద పొద్దున్నుంచి బుద్ధిగా ఉన్న బస్తా, కంకర మీద ఎగిరెగిరి పడి, సుతిలి జారి, ఎండకు కరకరలాడుతున్న కాయలు ఒకదానికొకటి ఒరుసుకుని, నా తల వెనక మెత్తటి ఎర్రటి పొడిని కారులోకి వదులుతోంది. ఏసీ దాన్ని న్యాయంగా అందరికీ పంచుతోంది.

"బాపూ, మిర్చి వాసన" అంది నా భార్య.

మామయ్య గట్టిగా లోపలికి పీల్చారు. "ఏం వాసన? నాకేం రాలే." మళ్లీ పీల్చి, ఈసారి ప్రేమగా, "ఆఁ, తేజ. సరుకు మంచిదే" అన్నారు. నలభై ఏళ్లు యార్డులో ఉన్న ముక్కు అది.

ఆపుదామంటే ఏటవాలు ఎక్కుతున్నాం, మలుపులో ఉన్నాం. ఆమె హారన్ కొడుతూ తిరిగింది. ఎదురుగా పై నుంచి జీపు దిగుతోంది. నిండా మనుషులు, పైన గంపలు. రెండు బండ్లూ పది అడుగుల దూరంలో ఆగాయి.

మామయ్య కిటికీ దించి తల బయట పెట్టారు. "ఎక్కేటోనికి దారియ్యాలె కద తమ్మీ. నువ్వు ఎనుకకు తియ్యి."

జీపతను మర్యాదస్తుడు. "మీరన్నది న్యాయమేనండి. కాకపోతే నా బండికి రివర్సు పడదండి. ఆర్నెల్లయింది."

"ఆర్నెల్ల సంది ఎట్ల నడుపుతానవ్?"

"ముందుకేనండి."

మా వెనక మలుపు దిగువన, బండి ఒదిగేంత జాగా ఒకటి దాటి వచ్చాం. అక్కడిదాకా వెనక్కి దిగాలి. కుడి వైపు కొండ, ఎడమ వైపు ఏమీ లేదు.

మామయ్య కూతురి వైపు తిరిగారు. ఆమె బుగ్గల మీద నీళ్లు ధారగా కారుతున్నాయి.

"ఏడుస్తానవా బిడ్డా?"

"ఏడుస్తలేను బాపూ. మిర్చి."

"మిర్చి ఏం చేస్తది?" అన్నారు. ఆయన నిజంగానే అడిగారు. ఆ తర్వాత అన్న మాట మాత్రం ఆరేళ్లుగా ఆయన నోట రాకుండా ఆటోలో వెనక్కి వెళ్లిపోయిన మాటే. "నువ్వు దిగు. అల్లుడు తీస్తడు."

ఆమె దిగలేదు. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి. నా వైపు చూడలేదు. వాగు చప్పుడు బాగా వినబడింది. నాకు హాస్యం పుట్టే సందర్భాల్లో అది ఒకటి కాదు కాని, ఇంకేమీ చేతకాక, "మామయ్యా, నేను తీస్తే జాగా దాకా రాం. వాగు దాకా పోతం" అన్నాను.

జీపతను పరిస్థితి గ్రహించాడు. "అమ్మగారినే తియ్యనివ్వండి. ఇందాక ఏటవాల్లో ఆపారు చూడండి, బండి జానెడు జారలేదు."

ఆమె కొంగు మీద సీసాలోని నీళ్లు పోసుకుని కళ్లు తుడుచుకుంది. కిటికీలన్నీ దించింది. తర్వాత మామూలు గొంతుతోనే అంది. "బాపూ, అద్దంల సక్కగ కనవడ్తలేదు. నువ్వు దిగి ఎనుకకు పోయి చెప్తవా? లారీలకు చెప్తుంటివి కద."

మామయ్య ఆమెను చూశారు. సీటు బెల్టు విప్పుకుని దిగారు.

వెనకకు పోయి ముందుగా ఒక రాయి వెతుక్కున్నారు. రెండు చేతుల్లో పట్టేంత రాయి. పంచె పైకి కట్టుకున్నారు. గొంతు సవరించుకుని, ఏ బస్టాండులోనైనా పనికొచ్చే స్వరంతో మొదలుపెట్టారు. "రానీ... రానీ... కుడికి కొయ్యి... రానీ..." కారు అడుగు అడుగుగా దిగింది. ఒకచోట ఎడమ వెనక చక్రం కింద కంకర సర్రున జారింది. నా కాళ్లు అక్కడ లేని బ్రేకును తొక్కాయి. "ఓల్డాన్" అన్న అరుపు, చక్రం కింద రాయి పడిన చప్పుడు ఒకేసారి వినబడ్డాయి. కారు నిలబడింది. ఆమె భుజాలు కదలలేదు.

"ఎంతున్నది బాపూ?"

"శానున్నది. ఫికర్ చెయ్యకు." చక్రం కిందికి వంగి చూసి, "స్టీరింగ్ గట్లనే ఉంచు. రాయి తీస్తాన. రానీ."

ఎంత ఉందో నేను కిటికీలోంచి చూశాను. శాన లేదు.

కారు జాగాలో ఒదిగాక జీపు మెల్లగా మా పక్క నుంచి దిగింది. అందులోని ఆడవాళ్లు మమ్మల్ని చూసి నవ్వబోయి, మా కారు పక్కకు రాగానే వరసగా తుమ్మారు. "ఏం సరుకండీ అది?" అన్నాడు జీపతను కళ్లు నులుముకుంటూ. మామయ్య డిక్కీ దగ్గరికి నడవబోయారు. ఇద్దరం ఒకేసారి "వద్దు" అన్నాం. అయినా ఇచ్చారు, ఒక పిడికెడు. ఆ తర్వాత బస్తాకు నా తువ్వాలు చుట్టి, మూతిని మూడు ముళ్లు వేశారు. నా ఒడిలో పెట్టుకుంటే ఒరగకుండా ఉంటుందన్నారు. పెట్టుకున్నాను.

ఎక్కే ముందు ఆయన ఆ రాయిని కాలితో తోసుకుంటూ కొండ పక్కకు తీసుకెళ్లి పెట్టారు. "దారిల ఇడువద్దు. ఎనుక అచ్చేటోడు సూస్కోడు." సీటులో కూర్చుని చేతులు దులుపుకున్నారు. మెల్లగ అంటారని నేను ఎదురుచూశాను.

"పోనీ బిడ్డా" అన్నారు.

పైకి చేరాక ఒక చోట చెట్లు విడిపోయి చాలా దూరం కనబడింది. కిటికీలు దించే వచ్చాం కాబట్టి ముగ్గురం తల నుంచి కాళ్ల దాకా దుమ్ము రంగులో, కళ్లు మాత్రం ఎర్రగా ఉన్నాం. దిగి నిలబడ్డాం. కొండల చివర, ఆకాశం మొదలయ్యే చోట బూడిద నీలంగా ఒక గీత. మామయ్య దాన్ని సముద్రమన్నారు. సముద్రం అక్కడికి ఇంకా చాలా దూరం, అది మంచో గోదావరో అయ్యుండాలి. చరిత్ర మేస్టర్ని, భూగోళం నా సబ్జెక్టు కాదు. ఊరుకున్నాను.

"మంచిగుంది" అన్నారు ఆయన. గీతను అన్నారో ఇంకేదైనా అన్నారో తెలియదు. ఆమె కారు అద్దం తుడుస్తోంది. ఈసారి తుడవాల్సిన అద్దమే.

కాకినాడలో మూడు రోజులున్నాం. చెల్లెలు బస్తా విప్పి, కాయలు సగం నలిగాయేంటి అన్నయ్యా అంటే, "నీకు దంచే పని తప్పింది" అన్నారు మామయ్య. అసలు సముద్రం చూపిస్తే, పై నుంచి చూసిందే బాగుందన్నారు.

తిరుగు ప్రయాణంలో ఖాళీ డిక్కీతో వెళ్లడం ఆయనకు ఇష్టం లేదు. లోడు దించిన లారీ ఏదో ఒకటి ఎక్కించుకునే రావాలట. మారేడుమిల్లి దగ్గర రోడ్డు పక్కన కొండ చీపుర్లు అమ్ముతుంటే ఒక కట్ట కొన్నారు. కట్టంటే ఇరవై నాలుగు. డిక్కీలో పట్టక వాటి మెత్తటి చివర్లు వెనక సీటు మీంచి వచ్చి నా మెడను ఊడుస్తున్నాయి.

ఘాట్ రోడ్డు అప్పటికి బాగైపోయింది. రెండు దార్లు విడిపోయే చోట నా భార్య కారు ఆపి తండ్రి వైపు చూసింది.

"కంకర రోడ్డుకే పోదాం" అన్నారు మామయ్య. "ఆ దారి మనకు తెలుసు కద."

ఎక్కడిదాకా చూద్దామో చెప్పలేదు. నేను వెనక నుంచి ఎదురుచూశాను, ఆమె కూడా ఎదురుచూసిందనుకుంటా, కారు కదలడానికి కొంచెం ఆలస్యమైంది.

దిగుడులో మళ్లీ వెదుర్ల నీడ, మళ్లీ అదే నలిగే చప్పుడు. మామయ్య ఎలుగుబంటి కథ రెండోసారి మొదలుపెట్టారు. భజన దగ్గరికి వచ్చేసరికి మాట నెమ్మదించింది. రాయి పెట్టిన మలుపు దాటాక వెనక్కి తిరిగి, "అల్లుడూ, కొంచెంసేపు నువ్వు మాట్లాడుతుండు" అన్నారు.

"ఏం మాట్లాడమంటారు మామయ్యా?"

ఆయన తల కిటికీకి ఆనింది. నోరు కొద్దిగా తెరుచుకుంది.

నాకిచ్చిన డ్యూటీ నేను చేయాలి కదా అని కాకతీయుల చెరువుల గురించి మొదలుపెట్టాను. మా క్లాసులో ఆ పాఠానికి ఎవరూ మేలుకుని ఉండరు కాబట్టి ఆ సందర్భానికి సరైన విషయం కాదేమో.

"మీరు జర సప్పుడు చెయ్యకుండ్రి" అంది నా భార్య, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

నేను ఊరుకున్నాను. తర్వాతి మలుపులో ఆమె హారన్ కొట్టాల్సి వచ్చింది. బొటనవేలితో చాలా చిన్నగా, అవతలి బండికి మాత్రమే వినబడాలన్నట్టు కొట్టింది. ఆయన లేవలేదు. ఇంకో మలుపు, ఇంకో చిన్న హారన్. అప్పుడు అద్దంలో ఆమె మొహం చూశాను. కళ్లు మళ్లీ తడిగా ఉన్నాయి. కారులో ఈసారి ఇరవై నాలుగు చీపుర్లు తప్ప ఏ సరుకూ లేదు. ఆ మాట నేను ఎత్తలేదు.